మూడో పూత

"చంపేస్తానని అన్నావా, లేదా?"

"అన్నాను," అన్నాడు కోటింగ్ మేస్త్రి లాకప్ ఊచలు పట్టుకుని. "వచ్చిన ప్రతి కస్టమరుతోనూ అదే మాట అంటాను. పూత ఆరకముందే జీపులో కాలు పెడతానంటే చంపేస్తాననక ముద్దు పెట్టుకుంటానా?"

సర్వేయరమ్మకు నవ్వొచ్చింది గాని, నవ్వే చోటు కాదని ఊరుకుంది. ఇన్సూరెన్సు కంపెనీ తరఫున సొట్టపడ్డ బళ్ళనూ, వాటి ఓనర్ల అబద్ధాలనూ ఇరవై ఏళ్ళు తనిఖీ చేసిన మనిషి. ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నా పాత పేరు ఆమెను వదల్లేదు. మేస్త్రి భార్య నిన్న వచ్చి ఆఫీసు గుమ్మంలోనే కూలబడింది. "మా ఆయన నోరు చెడ్డదమ్మా, చెయ్యి మంచిది. ఇవాళ కాకపోతే రేపు ఆ నోరే ఆయన్ని ఉరికంబం ఎక్కిస్తుంది" అని ఏడ్చింది. ఆ ముక్కలో మొదటి సగం అబద్ధం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

కేసు చూడబోతే చిన్నదే. కొండదారుల్లో, బురదలో జీపు నడపడం నేర్పే స్కూలు ఓనరు నాలుగు రోజుల క్రితం తన జీపు ఈ మేస్త్రికి అప్పగించాడు. లోపలి నేల తుప్పు పట్టిపోతోంది, సీట్లన్నీ ఊడదీసి గట్టి పూత వేయమన్నాడు. సాయంత్రం చూసుకోవడానికి వచ్చి లోపల కాలు పెట్టబోతే మేస్త్రి గయ్యిమన్నాడు. చంపేస్తానన్న మాట వీధి వీధంతా విన్నది. ఆ తర్వాత ఓనరు ఎవరికీ కనబడలేదు. తెల్లారి షెడ్డు వాకిట్లో నాలుగు రక్తపు చుక్కలు, పట్టా తెగిన ఆయన చేతిగడియారం దొరికాయి. శవం మాత్రం ఇంకా దొరకలేదు. ఇవాళ మధ్యాహ్నం మేస్త్రిని హత్యకేసులో కోర్టుకు తీసుకెళ్తున్నారు.

"గొడవ తర్వాత ఏం చేశావు?"

"ఏం చేస్తాను? ఆయన సణుక్కుంటూ వాకిట్లోనే నిలబడ్డాడు. నేను ఇంటికెళ్ళిపోయాను. గాలికి ఆరుతుందని జీపు బయటే వదిలేశాను. రెండో తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంది. పొద్దున్నే ఆయన బావమరిది ఫోన్ చేసి, పూత ఆరింది, బండి తెచ్చేసుకున్నాం అన్నాడు. నేను షెడ్డుకు పోయేసరికి పోలీసులున్నారు."

"అంటే పూర్తయిన పని నువ్వు మళ్ళీ చూడలేదు."

"ఎక్కడ చూడనిచ్చారు?"

"పని ఎలా చేశావో చెప్పు. గొప్పలు తీసేసి చెప్పు."

గొప్పలు తీసేయడం మేస్త్రి వల్ల కాలేదు. తుప్పు గీకడం, రేకు మీద నిగనిగ చచ్చేదాకా ఎమిరీ పేపరుతో రుద్దడం, తెల్లగుడ్డ తెల్లగా ఉండేదాకా థిన్నరుతో తుడవడం, బోల్టు చిల్లులకు బిరడాలు పెట్టడం, అంచుల్లో టేపు అంటించడం, పొద్దున ఒక పూత, మధ్యాహ్నం ఒక పూత. ప్రతిదానికీ తనంత వాడు లేడన్నాడు. రెండో పూత రాత్రంతా జిగురుగానే ఉంటుందనీ, దోమ వాలినా అచ్చు పడుతుందనీ చెప్పాడు.

"టేపు ఎప్పుడు తీశావు?"

"పూత తడిగా ఉన్నప్పుడే తీయాలి. ఆరాక లాగితే అంచు ఎలక కొరికినట్టుంటుంది. నా అంచు స్కేలు పెట్టి గీసినట్టుంటుందమ్మా, వెళ్ళి చూసుకోండి."

"మిగిలిన పూత మందు ఏం చేశావు?"

"డబ్బా జీపులోనే పెట్టాను, ముందు బానెట్ కింద. రేపెప్పుడైనా గీత పడితే దిద్దుకుంటారని ఇచ్చేస్తాను."

"పోలీసులతో ఏమన్నావు?"

మేస్త్రి కొంచెం తల దించుకున్నాడు. "ఆ నేలమీద పడిన చెయ్యి నాదొక్కటే, ఇంకో మొనగాడి చెయ్యి పడితే నా పేరు మార్చుకుంటానన్నాను."

నోటి దూల అంటే ఇదే. పని చూడకుండానే పూచీ పడ్డాడు, ఆ పూచీయే ఇన్‌స్పెక్టరు చేతిలో వాంగ్మూలం అయి కూర్చుంది.

ఆ ఇన్‌స్పెక్టరు అప్పుడే వెనక నుంచి దగ్గాడు. ఫైలు తెరవడంలో కంటే మూయడంలో ఆయనకు ఎక్కువ పేరు. స్టేషన్లో వాళ్ళు చాటుగా 'మూత సారు' అంటారు. సర్వేయరమ్మ మూడుసార్లు ఆయన మూసిన ఫైళ్ళ మూతలు తీసింది, అది ఆయన మరిచిపోలేదు.

"ఏమ్మా సర్వేయరమ్మా, మా లాకప్‌కు కూడా ఇన్సూరెన్సు కట్టిస్తారా?"

"మీ కేసుకు కట్టిద్దామని వచ్చాను. కూలేలా ఉంది."

"కూలదు. లెక్క వినండి. తడి పూత మీద ఏం పడినా అచ్చు పడుతుంది, ఇది మీ మేస్త్రి మాటే. నేను స్వయంగా చూశాను, జీపు నేల మీద ఒక్క గీత లేదు. కాబట్టి ఆ రాత్రి జీపులో ఎవరూ ఎక్కలేదు. కాబట్టి చంపింది షెడ్డులో, శవాన్ని మోసింది మేస్త్రి తోపుడుబండి. మావాళ్ళు చెరువు గాలిస్తున్నారు."

"మీరు జీపు ఎప్పుడు చూశారు?"

"నిన్న పొద్దున."

"అంటే మనిషి మాయమైన మూడో రోజుకు."

"మూడో రోజుకైతే ఏం? నేల పారిపోతుందా?"

"ఆ నేల నేనూ ఓసారి చూడొచ్చా?"

"నేనే తీసుకెళ్తాను పదండి," అన్నాడు టోపీ అందుకుంటూ. "మీరు ఓడిపోతుంటే చూడాలని నాకూ ఎన్నాళ్ళనుంచో సరదాగా ఉంది."

జీపుల స్కూలు గ్యారేజీ పొడుగాటి రేకుల షెడ్డు. గోడవారగా ట్రేల్లో డీజిలు, ఆ డీజిల్లో నానుతున్న బేరింగులు, గొలుసులు, బ్రష్షులు. ఓనరు బావమరిది ఒక ట్రేలో చేతులు కడుక్కుంటూ కనబడ్డాడు. ఓనరు భార్య మూలన స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమెకు సొంత తమ్ముడతను. ఏటవాలు దారుల మీద నడపడం నేర్పేది ఆమేనట, ఆ చేతులు చూస్తే తెలుస్తోంది. నాలుగు రోజులుగా ఆ చేతులకు పని లేదు. ఆమె ఏడవడం కూడా మానేసింది, తమ్ముడు తినమంటే తింటోంది, పడుకోమంటే పడుకుంటోంది.

సీట్లు లేని జీపు మధ్యలో ఉంది. నేల నల్లగా, గరుకుగా, ఒక్క గీత లేకుండా మెరుస్తోంది. ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపి ఆ నేలను చూపించిన తీరు చూస్తే, పూత వేసింది ఆయనే అనుకోవాలి.

"బండి ఎప్పుడు తెచ్చారు బాబూ?" అని అడిగింది సర్వేయరమ్మ.

"పొద్దున్నే ఏడింటికండి. అప్పటికి పూత ఆరిపోయింది."

"సీట్లు లేవుగా. దేనిమీద కూర్చుని నడిపారు?"

"చెక్కపెట్టె ఒకటి వేసుకున్నాను."

"నాలుగు రోజులైంది. సీట్లు ఇంకా బిగించలేదేం?"

"బావ కనబడకపోతే సీట్ల మీద మనసెవరికుంటుందండీ?"

"నిజమే. మరి ఈ నేలమీద మీరేమైనా దిద్దారా?"

"చెయ్యి కూడా వేయలేదు."

ఆమె తలూపి, జీపు గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. అంచు వెంబడి వేలు పోనిచ్చింది. వేలు సాఫీగా జారలేదు. పళ్ళుపళ్ళుగా, పీచులు పీచులుగా తగిలింది. లాకప్‌లో ఉన్నవాడి స్కేలు గీత ఇది కాదు.

"అమ్మా, సీటు బోల్టు ఒకటి ఇస్తారా?" అంది ఓనరు భార్యతో. ఆమె లేచి డబ్బాలోంచి తీసి ఇచ్చింది. సర్వేయరమ్మ దాన్ని చిల్లులో పెట్టి తిప్పింది. ఒక్క చుట్టు కూడా దిగలేదు. రెండో చిల్లు, మూడో చిల్లు, అన్నీ పూతతో పూడిపోయి ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, బిరడాలు పెట్టి పూత వేసే మేస్త్రి చిల్లులెలా పూడ్చాడు? టేపు తడిగా లాగేవాడి అంచు ఎలక కొరికినట్టు ఎందుకుంది?"

"పని చెత్తగా చేశాడు గనక," అన్నాడు ఆయన ఠక్కున. "చెత్తపని చేసినవాళ్ళంతా అమాయకులైతే నేను జైళ్ళు ఖాళీ చేయాలి."

"చెత్తపనే. కాని ఎవరి పని అన్నదే నా ప్రశ్న."

బావమరిది చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. అది సర్వేయరమ్మ కంటపడింది. ఆమె బోర్లా వంగి, నేలలో నీళ్ళు బయటికి పోయే చిల్లు దగ్గర ముక్కు ఆనించి వాసన చూసింది.

"డీజిలు," అంది.

"గ్యారేజీ అన్నాక డీజిలు వాసన రాదా అండీ?" అన్నాడు బావమరిది.

"గాల్లో వస్తుంది, ఒప్పుకుంటాను. పూత అడుగునుంచి ఎందుకు రావాలి? మేస్త్రి షెడ్డులో డీజిలు చుక్క ఉండదు, జిడ్డంటే ఆయనకు పగ. థిన్నరుతో తుడుస్తాడు. డీజిలుతో కడిగే అలవాటు ఎవరిది బాబూ? మీ గ్యారేజీలో గొలుసుకూ డీజిలే, బేరింగుకూ డీజిలే, చేతులకూ డీజిలే. మురికి అనేది కనబడగానే మీ చెయ్యి దానంతటదే ఆ ట్రేలోకి పోతుంది."

అతని చూపు ఆ ట్రే మీదికి పోయింది.

"యాక్సిడెంటు సొట్టల మీద పుట్టీ పెట్టి, రంగేసి, మా బండికి ఏమీ కాలేదని చెప్పేవాళ్ళను నేను వందల మందిని చూశాను. వాళ్ళందరికీ ఒకటే తొందర. కింద రుద్దరు. రుద్దకుండా, పైగా జిడ్డు మీద వేసిన పూత కిందిదాన్ని పట్టుకోదు. ఊరికే దాని మీద పడుకుని ఉంటుంది. చూద్దాం."

పుట్టీ బద్ద అందుకుని చిల్లు అంచున దూర్చి ఎత్తింది. గోరంత లేచింది. వేళ్ళతో పట్టి లాగింది. కాగిన పాల మీద మీగడ లేచినట్టు నల్లటి పొర లేచి వచ్చింది, జానెడు, మూరెడు, ఆ తర్వాత బారెడు. తీగ లాగితే డొంకంతా కదలడమంటారే, సర్వేయరమ్మ చేతుల్లో అదే జరిగింది. ఆమెకు ఒళ్ళంతా సంతోషంగా ఉంది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"మేస్త్రి వేసింది రెండు పూతలు," అంది లాగుతూనే. "ఇది మూడోది. అంచుకు టేపు వేయాలని ఇతనికి తెలుసు, ఎప్పుడు తీయాలో తెలీదు. చిల్లులు అసలు గుర్తే రాలేదు. మందుకు వెతుక్కోనక్కర్లేదు, బానెట్ కింద మిగిలిన డబ్బా ఉండనే ఉంది. పోలీసులు జీపు చూస్తామని ఎప్పుడు కబురు పెట్టారు ఇన్‌స్పెక్టర్ గారూ?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మొన్న సాయంత్రం."

"మొన్న రాత్రే వేశాడన్నమాట. మీరు నిన్న చూసి మెచ్చుకున్నది దీన్నే."

పొర మొత్తం ఊడి గ్యారేజీ నేలమీద పడింది. అడుగున మేస్త్రి రెండో పూత బయటపడింది. అంచులు స్కేలు పెట్టి గీసినట్టే ఉన్నాయి, నోటి దూల మనిషైనా ఆ మాట నిజమే చెప్పాడు. కాని నేల అద్దంలా లేదు. డ్రైవరు సీటు ఉండాల్సిన చోట పెద్ద గుండ్రటి అచ్చు ఉంది.

"చెక్కపెట్టె గుండ్రంగా ఉంటుందా బాబూ? ఇది పడుకోబెట్టిన టైరు. దానిమీద కూర్చుని నడిపారు, పూత జిగురుగా ఉన్నప్పుడు నడిపారు. పొద్దున ఏడింటికి కాదు, ఆ రాత్రే."

వెనక భాగంలో ఇంకా ఎక్కువ ఉంది. చొక్కా నేత, గుండీ వరస, భుజం ఒరిగిన గుంట, అన్నీ అచ్చుపోసినట్టు పడ్డాయి. ఇన్‌స్పెక్టరు ఒక్క అడుగు ముందుకేశాడు. గుర్రం మారినా సవారీ తనదే కావాలి ఆయనకు.

"శవం అచ్చు," అన్నాడు. "నువ్వేనన్నమాట మీ బావను చంపింది. బేడీలు తెండి."

స్టూలు పడిన చప్పుడైంది. ఓనరు భార్య నిలబడి తమ్ముణ్ణి చూస్తోంది. అతను తలెత్తలేదు.

"ఆగండి," అంది సర్వేయరమ్మ. "మళ్ళీ మూత పెట్టేస్తున్నారు. ఇలా వచ్చి వంగి చూడండి. వెనక తలుపు దగ్గర ఈ గుంటలేమిటి?"

"బూటు మడమలు."

"ఎన్ని?"

"చాలా ఉన్నాయి. ఇక్కడ, ఇక్కడ, అదిగో ఆ పక్కన కూడా."

"రెండు కాళ్ళూ కట్టేసి ఉన్నాయి గనక జంట జంటగా పడ్డాయి. తలుపును తన్నాడు, జరిగాడు, మళ్ళీ తన్నాడు. దారి పొడుగునా తన్నుతూనే ఉన్నాడు. శవం తన్నదండీ."

సర్వేయరమ్మ ఓనరు భార్య వైపు తిరిగింది. ఈ మాట ఆమెకు ఎప్పుడెప్పుడు చెబుదామా అని ఉంది.

"అమ్మా, ఈ బండి ఎక్కేటప్పుడు మీ ఆయన బతికే ఉన్నారు."

ఆమె జీపు దగ్గరికి వచ్చి ఆ మడమ గుంటల మీద అరచెయ్యి పెట్టింది. తర్వాత డ్రైవరు వైపు వెళ్ళి పెడళ్ళ కింద పూతలో ఇరుక్కున్న ఎర్రటి నలుసులు గోటితో గీకి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఇది రంపపు పొట్టు," అంది. నాలుగు రోజుల్లో ఆమె గొంతు గట్టిగా వినబడడం అదే మొదలు. "మా సామిల్లుది. మూతబడ్డ మిల్లు తీసుకుని, దుంగలు పేర్చి కొత్తవాళ్ళకు నేర్పుతాం. దారి కొట్టుకుపోయింది, అటు వెళ్ళొద్దక్కా అని నాలుగు రోజులుగా వీడే చెబుతున్నాడు."

"అక్కా," అన్నాడు తమ్ముడు.

"ఉన్నారా?"

"ఉన్నాడు. బాయిలరు గదిలో. రోజూ అన్నం తీసుకెళ్తూనే ఉన్నాను. తలమీద ఒక్క దెబ్బే వేశాను, అంతే. అక్క మొగుణ్ణి చంపేంత మనిషినా నేను?"

"ఎందుకురా?"

"ఇవాళ సాయంత్రం విచారణ ఉంది కదా. అది దాటిపోతే చాలనుకున్నాను. ఆ తర్వాత కాళ్ళు పట్టుకుందామనుకున్నాను."

విచారణ సంగతి ఇన్‌స్పెక్టరుకు కూడా తెలుసు. పోయిన నెల దిగబడ్డ బళ్ళను లాగే కొక్కెం విరిగి, నేర్చుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి కాలు నుజ్జయింది. కొక్కెం కొత్తదేనని బావమరిది రాసిచ్చాడు. బీట వారిందనీ, పారేయమని తానే చెప్పాననీ ఓనరు చెప్పబోతున్నాడు.

"మరి మేస్త్రి సంగతేమిటి?" అని అడిగింది సర్వేయరమ్మ. "ఆయన భార్య నా గుమ్మంలో కూర్చుని ఏడ్చింది."

"శవం దొరక్కపోతే వాళ్ళే వదిలేస్తారనుకున్నాను."

ఆ మాటకు అక్క చెయ్యి లేచింది. కాని కొట్టలేదు, తమ్ముడి జేబులోంచి జీపు తాళంచెవి లాక్కుంది. మూలనున్న టైరు దొర్లించుకొచ్చి డ్రైవరు చోట పడేసి దానిమీద కూర్చుంది. సర్వేయరమ్మ అడక్కుండానే పక్కన ఎక్కి చేతికందిన కమ్మీ పట్టుకుంది.

"మా జీపులో రండి, అది పోలీసు జీపు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, తమ్ముణ్ణి కానిస్టేబులుకు అప్పగిస్తూ.

"మీరు వెనకాల రండి సార్," అని ఆమె గేరు వేసింది.

దారి కొట్టుకుపోయిన మాట నిజమే. వాగు గట్టు దగ్గర ఆమె బండిని ఏటవాలుగా దింపి, నీళ్ళలో ఒక్కసారి కూడా ఆపకుండా అవతల గట్టెక్కించింది. సర్వేయరమ్మ పళ్ళు రెండుసార్లు టకటకలాడాయి. వెనక్కి తిరిగి చూస్తే పోలీసు జీపు వాగు మధ్యలో ఇరుసుల దాకా దిగబడి ఉంది, ఇన్‌స్పెక్టరు పంట్లాం మడుచుకుంటున్నాడు. ఈ వయసులో ఇంత ఆనందం పనికిరాదని తెలిసీ ఆమె గట్టిగానే నవ్వేసింది.

బాయిలరు గది గొళ్ళెం బయటనుంచి వేసి ఉంది. భార్యే తీసింది. ఓనరు గోడకు చేరగిలబడి ఉన్నాడు. నుదుటి మీద ఎండిన రక్తం, పెరిగిన గడ్డం, చేతులకు తాళ్ళు. వెలుతురుకు కళ్ళు చికిలించాడు, ఎవరో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

"ఏమండీ," అంది ఆమె.

"నువ్వా," అన్నాడాయన. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. సర్వేయరమ్మ తాళ్ళు కోస్తూ తన కళ్ళు కూడా తుడుచుకుంది.

ఇన్‌స్పెక్టరు మోకాళ్ళ దాకా బురదతో నడిచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల కూర్చుని నీళ్ళు తాగుతున్న మనిషిని చూశాడు. నాలుగు రోజులుగా ఆయన వెతుకుతున్న శవం తాగిన గ్లాసు కింద పెట్టి నమస్కారం చేసింది.

"వీరిది హత్యకేసు కదండీ," అంది సర్వేయరమ్మ తన ఫోన్ ఆయనకు అందిస్తూ. "ముద్దాయిని కోర్టుకు తీసుకెళ్ళేలోగా స్టేషనుకు ఓ మాట చెప్పండి."

ఇన్‌స్పెక్టరు నంబరు నొక్కాడు. ఆయన గొంతు సర్వేయరమ్మ ఎన్నడూ విననంత మెత్తగా ఉంది. "ఆ మేస్త్రిని బయటికి తీసుకురండి. వ్యాను ఎక్కించారా? అయితే దింపండి. ఇంటికి పంపించండి. ఏమంటున్నాడు? సరే, మనదే పొరపాటని చెప్పండి. ఆ, నేనే అన్నానని చెప్పండి." ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు. "మీరు గెలిచారు," అన్నాడు. ఆ ఒక్క ముక్క అనడానికి చాలా మంచితనం కావాలని సర్వేయరమ్మకు తెలుసు, అందుకే ఈసారి ఎకసెక్కం ఆడలేదు.

భార్య చెయ్యి పట్టుకుని ఓనరు లేచాడు. గుమ్మం దాటుతుంటే ఎండవైపు చూసి ఆగాడు.

"విచారణ అయిపోయిందా?"

ఆమె జవాబు చెప్పడానికి క్షణం ఆలస్యం చేసింది. ఆ క్షణంలో ఆమె మొహం చూసినవాళ్ళకు, ఆమె చేతుల్లో పెరిగిన తమ్ముడు గుర్తొచ్చాడని తెలిసిపోతుంది. ఇంకాస్సేపు ఊరుకుంటే చాలు, పొద్దు వాలిపోతుంది, విచారణ గది తలుపులు మూసేస్తారు. ఎవరూ ఆమెను తప్పు పట్టరు.

"లేదు," అంది. "ఇంకా టైముంది. ఎక్కండి, నేను నడుపుతాను."